పేలకముందే లేచే పిట్టలు

నమోదు 1. చిత్త కార్తె

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

ఈ మూడు మాటల మధ్య ఇకమీదట ఎవరి బద్ధకమూ దూరదు; దూరితే ఎంత సేపో ఇందులో రాయాలి, ఇది నేను పెట్టిన నియమం. పైడితల్లి అనే నేను, మడుల మీది పిట్టల్ని చప్పుడుతో బెదరగొట్టే ఈ డబ్బా గది దినచర్యను ఈరోజు నుంచి రాస్తున్నాను. నాకు ముందు ఈ గదిని చూసుకున్న దాలయ్య తాత ఒక్క ముక్కా రాయలేదు. రాయడానికేముంది? పొద్దుటి గంటకు తీగ కలిపి యంత్రాన్ని లేపేవాడు. ఆ తర్వాత పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టేవాడు. దారిన పోయే ప్రతివాడినీ పిలిచి, వాడి ఆవు ఈనిందా, వాడి పెళ్ళాం అలక తీరిందా అని ఆరా తీసేవాడు. గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు బుద్ధి పుడితే మీట నొక్కేవాడు. ఒకరోజు మడుల్లో అందరూ చెమటలు కక్కుతుంటే మొదటి పేలుడు వినబడేది. ఇంకోరోజు వాకిళ్ళు చిమ్మకముందే.

నిన్న సభలో లేచి అడిగాను. కొండ మీద గంట అందరికీ ఒకటే కదా, ఆ గదికి మాత్రం వేరే గంట ఉందా అని. అడగకుండా ఎలా ఉంటాను? ఈ కొండెక్కాక మనవాళ్ళు మొదట కట్టింది గుడి కాదు, గంట. దిగువన ఉన్న రోజుల్లో నీళ్ళ లారీ దాని యజమాని నిద్ర లేచాక వచ్చేది. మా అమ్మ నిండు నెలలతో బిందె వెనక నిలబడి నిలబడి నా కన్నా ముందు బిడ్డను పోగొట్టుకుంది. 'ఎదుటివాణ్ణి నిలబెట్టగలిగినవాడే దొర' అని 'గంట అందరిదీ' కరపత్రంలో ఉంది. ఆ వాక్యం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు, అప్పట్నుంచే నేనూ కరపత్రాలు రాస్తున్నాను. దాలయ్య తాత దొర కాడు, నిజమే. కానీ దొరతనం టీ గ్లాసులో కూడా దాక్కోగలదు.

సభ పెద్ద సూరీడమ్మ అప్ప గదిని నాకు అప్పగించింది. మీట అనేది ఉంటేనే కదా ఆలస్యం! యంత్రంలో ప్రోగ్రాము ఉండే కార్డుకు, రాత మారకుండా వేసిన తాళం తీసి, యంత్రం లేవగానే ప్రోగ్రాము దానంతటదే మొదలయ్యేలా ఒక వరస చేర్చి, మళ్ళీ తాళం వేశాను. కరపత్రాల సంచీలో దొరికిన, సీ అనే ప్రోగ్రాముల భాష నేర్పే చిన్న పుస్తకం అందుకు సరిపోయింది. సగం చిరిగిన పుస్తకం. అయినా సరిపోయింది.

దాలయ్య తాత గడప మీద నిలబడి అంతా చూశాడు.

"ఏటే గుంటా, పిట్టల్ని తోల్డానికి కూడా గంటేటే? అవేటైనా కూలికొస్తన్నాయేటి?"

"నువ్వు కూలికి రావడం మానేశావు కాబట్టి ఈ గంట, తాతా."

నవ్వి, తన గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

నమోదు 4. చిత్త కార్తె

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

లెక్కపిట్టలు కొండ అంచు మీద బారులు తీరి కూర్చుంటున్నాయి, మడుల్లోకి దిగడం లేదు. చోడి కంకులు పాలు పోసుకుంటున్నాయి. మెట్ల మడుల్లో పండేది మన తిండి. గది ఎదుట కంచె లోపల ఉన్నది విత్తనం మడి. అది పోతే వచ్చే ఏడాది లేదు.

ఈ పిట్టల గురించి కొత్తగా రాయాల్సిందేమీ లేదు. ఒకప్పుడు గోదాముల్లో బస్తాలు లెక్కపెట్టడానికి మనుషులు తెలివి ఎక్కించి పెంచిన జాతి. గోదాములు మునిగాయి, పిట్టలు మునగలేదు. మొదట్లో పెద్దలు అయిదు నిమిషాలకోసారి డబ్బా పేల్చితే వారంలో నేర్చేసుకున్నాయట. రెండు, ఏడు, మూడు అని నిమిషాలు మార్చి మార్చి పేల్చితే ఆ వరసనూ నేర్చేసుకున్నాయట. ఆ తర్వాతే ఎవరో మహానుభావుడు ఈ ప్రోగ్రాము రాసిపెట్టి పోయాడు. పేలుడుకూ పేలుడుకూ మధ్య విరామం నలభై సెకన్లకు తగ్గదు, ఎందుకంటే గొట్టంలో పేడ గ్యాసు నిండాలి. మూడు వందలు దాటదు, ఎందుకంటే అంతకు మించి తెరిపి దొరికితే పిట్టలు మడిని ఊడ్చేస్తాయి. ఆ రెండింటి మధ్య ఎక్కడైనా సరే, దశాంశాలతో సహా యంత్రం తోచిన సంఖ్య చెబుతుంది. నూట పన్నెండు పాయింట్ నాలుగు, రెండు వందల అరవై పాయింట్ తొమ్మిది, అలా. పూర్ణాంకాలను పట్టుకున్న పిట్ట దశాంశాలను పట్టుకోలేదు.

కాలవ దగ్గర బంగారి కనబడింది. విత్తనం మడికి నీళ్ళు మోసేది అదే. నోరు పెద్దది, మనసు మంచిది.

"ఒలే పైడీ, నువ్వొచ్చాక పేణం సుకంగుందే. మూడోది పేలేసరికి నాను కుండ దించుతాను. నాలుగోది పేలకముందే కాలవ దాటిపోతాను. తాత రోజుల్లో ఎప్పుడు పేల్తాదో తెల్క గుండె గుబేల్మనేది. రెండు కుండలు పగలగొట్టుకున్నాను."

క్రమం అంటే అదీ! ఒక కూలి మనిషి ఒంటికి అందిన సుఖం. ఈ మాట రాత్రికి కరపత్రంలో వేస్తాను.

నమోదు 9. స్వాతి కార్తె

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

విత్తనం మడి తూర్పు మూలన కంకులు ఖాళీ. గింజ లేదు, పొట్టు మిగిలింది. ఎలుక పని అనుకున్నాను. ఎలుక కాండం కొరుకుతుంది. ఇది కొరికింది కాదు, ఒలిచింది.

నమోదు 11. స్వాతి కార్తె

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

పిట్టలే. పట్టపగలు వస్తున్నాయి. మూల నుంచి మడి నడుమదాకా వచ్చాయి. డబ్బా పేలుతూనే ఉంది. గొట్టం ఊడదీసి చూశాను, బాగుంది. చప్పుడు తగ్గిందేమోనని వంటశాల దాకా వెళ్ళి విన్నాను, పొయ్యి మీద మూతలు అదురుతున్నాయి. యంత్రం, గొట్టం, గ్యాసు, నేను, నలుగురం మా పని మేం చేస్తున్నాం. మరి పిట్టలకు ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది?

దాలయ్య తాత కంచె అవతల కూర్చుని ఖాళీ కంకిని వేళ్ళతో నలుపుతున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నాడు? ఇన్నేళ్ళు మనది అనుకున్న గదిని ఒక ఆడపిల్ల లాక్కుంటే మనిషి ఏమైనా చేస్తాడు. ప్రోగ్రాములో ఏదో ఉంది. ఉండి తీరాలి.

నమోదు 12. స్వాతి కార్తె

గంట మోగలేదు. దానికి ముందే లేచి కార్డు తాళం తీసి, ప్రోగ్రామును వరస వరసనా చదివాను.

సంఖ్య పుట్టే వరస దొరికింది. అందులో 'ర్యాండ్' అనే పని ఒక పెద్ద పూర్ణాంకాన్ని ఇస్తుంది. దాన్ని, అది ఎప్పటికైనా ఇవ్వగల అతి పెద్ద సంఖ్యతో భాగిస్తే సున్నాకూ ఒకటికీ మధ్య ఒక పాలు వస్తుంది. ఆ పాలును రెండు వందల అరవైతో గుణించి, నలభై కలిపితే మన విరామం. చక్కటి లెక్క. కానీ భాగించే ముందు 'డబుల్' అనే మాట ఒకటి బ్రాకెట్లలో ఇరికించి ఉంది. నా పుస్తకంలో ఆ పేజీ లేదు. ఆ మాటకు అక్కడ పనేమిటి? లెక్కకు అది అక్కర్లేదు. అక్కర్లేనిది ఎవరో పెట్టారంటే దాని వెనక ఎవరి పనో ఉందన్నమాట. తీసేశాను. తీగ కలిపాను.

డబ్బా పేలింది. నలభై సెకన్లకు పేలింది. మళ్ళీ నలభైకి. మళ్ళీ నలభైకి. తెర మీద నలభై పాయింట్ సున్నా సున్నా సున్నా అని వరసగా దిగుతోంది. తీగ పీకి ఆ మాటను వెనక్కి పెట్టేసరికి గ్యాసు అడుగంటింది. వంటశాలకూ అదే గ్యాసు, మధ్యాహ్నం పొయ్యి వెలగలేదు. పిల్లలు చల్లటి అంబలి తాగారు. అందరూ నా గది వైపు చూసి మాట్లాడుకుంటున్నారు.

సాదాగా రాస్తే విరిగిపోయేలా పెట్టడం ఉచ్చు కాక మరేమిటి? ఒళ్ళు మండిపోతోంది. కరపత్రం రాశాను. అచ్చు కూడా వేశాను. పేరు పెట్టే రాశాను: దాలయ్య.

నమోదు 15. స్వాతి కార్తె

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

విత్తనం మడి సగం పోయింది.

సాయంత్రం సభ. దాలయ్య తాతను నడుమ నిలబెట్టారు. సూరీడమ్మ అప్ప మెల్లగా మాట్లాడుతుంది, అందుకే అందరూ వింటారు.

"దాలీ, ఆ కార్డు మీద ఏటి రాసినావు?"

"నానేటి రాస్తానప్పా? నా పేరే నాకు వంకరగా వస్తాది. ఆ రాత నాకన్నా ముందోళ్ళది. నాను టీ తాగి మీట నొక్కేవోణ్ణి. అంతే."

కొందరు నవ్వారు. నాకు తిక్క రేగింది. "నవ్వండి! వచ్చే ఏడాది ఏం విత్తుతారో నవ్వుతూనే చెప్పండి! తాతా, నీ రోజుల్లో రాని పిట్టలు నేనొచ్చాక ఎందుకొచ్చాయి?"

"అదే నానూ అడుగుతన్నాను గుంటా."

అందరూ నావైపు తిరిగారు.  నేను మరీ గట్టిగా అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయను, కరపత్రంలో ఉన్నదే. ఆకలికి భయపడే జనానికి నింద వెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి. చేతులు లేచాయి. బంగారి చెయ్యి లేవలేదు.

సూరీడమ్మ అప్ప అంది: "విశాఖ పెట్టిన రోజు, పొద్దుటి గంటకి, దాలయ్య దిగువకి."

దిగువ అంటే పొగమంచు కింద ఏదీ పండని ఉప్పు నేల. చోడి పిండి మూట కట్టి పంపుతారు. మూట అయిపోయేదాకా మనిషి ఉంటాడు.

దాలయ్య తాత పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "పిండొద్దప్పా, కూసింత టీ పొడి కట్టండి," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

న్యాయం జరిగింది. మరి నాకు నిద్రెందుకు పట్టడం లేదు?

నమోదు 17. స్వాతి కార్తె చివర

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది.

బంగారి రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఈరోజు కుండ గడప మీద ఠపీమని పెట్టి, "రాయే," అంది.

"ఎక్కడికి?"

"నీ కరపత్రాలొగ్గేసి కళ్ళెట్టుకుని రాయే."

కంచె పక్కన ఇద్దరం వంగి కూర్చున్నాం. పిట్టలు మడి నిండా ఉన్నాయి, బూడిద దుప్పటి పరిచినట్టు. ఒలుస్తున్న చప్పుడు సన్నటి వానలా వినబడుతోంది. నేను డబ్బా కోసం చూస్తున్నాను.

"డబ్బాని కాదే. పిట్టల్ని సూడు."

ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి తలలెత్తాయి. రెక్కలు విప్పి మనిషెత్తు లేచాయి. గాలిలో ఆగాయి.

అప్పుడు పేలింది డబ్బా.

పొగ తేలకముందే మళ్ళీ దిగి ఒలుచుకోసాగాయి.  భయపడి లేచిన పిట్టలు కావవి. దారిలో బండి వస్తుంటే పక్కకు జరిగి, అది పోయాక మళ్ళీ నడిచే మనిషిలా లేచాయి.

"ఆటికి ముందే తెల్సే," అంది బంగారి. "ఎలాగ తెల్సో నాకు తెల్దు."

నాకు తెలిసింది. ఒక్కసారిగా కాదు, మెల్లగా. "బంగారీ, మూడో పేలుడుకు నువ్వు కుండ దించుతానన్నావు. రోజూనా?"

"రోజూనే. నాలుగోదానికి కాలవ. అయిదు, ఆరు టకటకా వస్తాయి, అప్పుడు నాను గట్టు మీదే ఉంటాను. ఏడోది సేనా సేపటికి గానీ..."

అది చెబుతూ చెబుతూ ఆగిపోయింది. దానికీ తెలిసింది. పిట్టలే కాదు, బంగారి కాళ్ళు కూడా నేర్చేసుకున్నాయి.

పరుగెత్తుకుంటూ గదికి వచ్చి ప్రోగ్రాము మొదటి వరసలు చదివాను. అక్కర్లేదని నేను వదిలేసిన వరసలు. ర్యాండ్ తనకు తోచింది చెప్పదు. దానికి తోచడం అనేదే లేదు. మొదట ఒక సంఖ్య ఇస్తే, దాన్నుంచి తర్వాతిది, దాన్నుంచి ఆ తర్వాతిది లెక్క కట్టుకుంటూ పోతుంది. మొదటి సంఖ్య అదే అయితే వరస అంతా అదే, చివరి దశాంశం దాకా. ఆ మొదటి సంఖ్యను ప్రోగ్రాము ఎక్కణ్ణించి తీసుకుంటుంది? యంత్రం గడియారం నుంచి, ఆ క్షణాన ఎన్ని సెకన్లయితే అన్ని. ఆ గడియారం లోపలి బ్యాటరీ ఏనాడో చచ్చింది. సాయంత్రం తీగ తీస్తే యంత్రం అన్నీ మరిచిపోతుంది. పొద్దున తీగ కలిపితే సున్నా నుంచి లెక్కపెడుతుంది.

దాలయ్య తాత తీగ కలిపాక టీ తాగేవాడు. ఒకరోజు ఒక గ్లాసు, ఒకరోజు రెండు. ఎవరి ఆవో ఈనితే ఇంకాసేపు. ఆయన మీట నొక్కేసరికి గడియారం ఏ సెకను మీద ఉంటుందో దేవుడికి కూడా తెలియదు.

నేను మీట తీసేశాను. యంత్రం లేచిన మరుక్షణం, అదే సెకనుకు, రోజూ అదే సంఖ్య. రోజూ అదే పాట. పైగా ఆ పాట మొదలవబోతోందని పిట్టలకు చెప్పడానికి కొండంతా వినబడేలా గంట కూడా కొట్టించాను.

'డబుల్' సంగతి కూడా పలక మీద వేసి చూస్తే తేలింది. అది లేకపోతే యంత్రం పూర్ణాంకాన్ని పూర్ణాంకంతోనే భాగిస్తుంది. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే పాలు పోయి సున్నా మిగులుతుంది. సున్నాకు నలభై కలిపితే నలభై. ఉచ్చూ లేదు, గిచ్చూ లేదు. దశాంశాన్ని దశాంశంగా ఉండనివ్వమని యంత్రానికి చెప్పిన మాట అది.

చీకటి పడకముందే దాలయ్య తాత గుడిసెకు వెళ్ళాను. మూట సర్దుకుంటున్నాడు. అంతా చెప్పాను. కాళ్ళ మీద పడదామనుకున్నాను గానీ నా మోకాళ్ళు వంగే రకం కావు. నిలబడే చెప్పాను.

"అయితే నా బద్దకం మంచిదేనంటావా?" అన్నాడు.

"నీకు ముందే తెలుసా తాతా?"

"నాకేటి తెల్సే! టీ సల్లారిపోతాదని తాగేవోణ్ణి. నువ్వు నన్నిప్పుడు గొప్పోణ్ణి సెయ్యకు. నాను గొప్పోణ్ణి కాదు, దొంగోణ్ణీ కాదు. ఆ రెండోది నీ కాయితంలో రాసినావు."

మూట మూతి బిగించి కట్టాడు. వేసిన ముడిని విప్పి మళ్ళీ వేశాడు, మళ్ళీ విప్పాడు. అప్పటిదాకా ఆయనకు భయం లేదనుకున్నాను.

నమోదు 18. విశాఖ కార్తె, మొదటి రోజు

గంట మోగింది. తీగ కలిపాను. డబ్బా పేలింది. పరుగెత్తాను.

సభ మొత్తం దిగుడు దారి మొదట్లో ఉంది. దాలయ్య తాత భుజాన మూట. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఆగండి! కొన్ని పేలుళ్ళ దాకా ఆగండి. బంగారి చెప్పేది విని, ఆ తర్వాత ఆయన్ను పంపుతారో, నన్ను పంపుతారో మీ ఇష్టం."

సూరీడమ్మ అప్ప చెయ్యెత్తింది. అందరూ విత్తనం మడి వైపు తిరిగారు. బంగారి కుండ నెత్తిన పెట్టుకుని రోజూ నడిచినట్టే గట్టు మీద నడిచింది. "రెండోది," అని అరిచింది. పిట్టలు లేచాయి. డబ్బా పేలింది. బంగారి నడిచింది. కుండ దించుతూ, "మూడోది." పిట్టలు లేచాయి. పేలింది. కాలవ మీద కాలు పెడుతూ, "ఇదిగో నాలుగు!" పిట్టలు. పేలుడు. "అయిదు, ఆరు!" టకటకా. జనంలోంచి ఎవరిదో ఏడుపు వినబడింది. ఇంకెవరో పిట్టల్ని తిడుతున్నారు.

నేను సభకు అంతా చెప్పాను. కరపత్రం నాదని, అందులో తాత మీద రాసిన మాట అబద్ధమని చెప్పాను. సూరీడమ్మ అప్ప మడి వైపు నుంచి నావైపు తిరిగింది.

"అయితే గంట తప్పంటావేటి?"

"గంట తప్పు కాదప్పా. గంట పిట్టలకు కూడా వినిపిస్తోంది. అదీ సంగతి."

"దాలీ, మూట దించు," అంది. ఆ తర్వాత నాతో, "కానీ ఒక్క గదికి గంట లేదంటే రేపు ప్రతి గదీ అడుగుతాది. నీళ్ళ గది అడుగుతాది, బియ్యం గది అడుగుతాది. మళ్ళీ లారీ రోజులొస్తాయి. నువ్వు రాసినావు కదే ఆ కరపత్రాలు, నీకు నాను సెప్పాలా? గంటకే నడిపించు. మొదటి సంఖ్యకి ఇంకేదైనా దారి సూడు. గంట దాటినోళ్ళెవరికైనా దిగువే."

నా మాటలే, నా గొంతుకు చుట్టింది.

నమోదు 21. విశాఖ కార్తె

గంట మోగింది. సంఖ్య ఇచ్చాను. తీగ కలిపాను. డబ్బా పేలింది.

నడుస్తున్నప్పుడు యంత్రం తాళం వేసిన కార్డు మీద ఏమీ రాసుకోవడానికి వీల్లేదు, నిన్నటిది దానికి గుర్తుండదు. అందుకని వేరే దారి వెతికాను. ముందు రోజు సాయంత్రం ఒక్కో ఇంటికి వెళ్ళి ఏదో ఒక సంఖ్య అడుగుతాను. తీగ కలపకముందే దాన్ని కార్డులో పెడతాను. రోజుకో ఇల్లు, రోజుకో సంఖ్య, రోజుకో వరస. గంటా ఉంటుంది, పిట్టలూ పోతాయి. ఈ ఆలోచన వచ్చినప్పుడు గదిలో ఒంటరిగా ఎగిరి గంతేశాను.

మొదటి ఇంటావిడ బొట్టు పెట్టుకుని వచ్చి, "నూటపదహారమ్మా," అంది.

రెండో ఇంటాయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి, "నూటపదహారు."

మూడో ఇంట్లో, "నూటపదహారే. విత్తనం కదా, మంచి జరగాల."

ఈరోజు నాలుగో ఇంట్లో అరిచాను. నూటపదహారు కానిది చెప్పండి అని. ఆ ఇంటి ముసలమ్మ బిత్తరపోయి, "అశుభం మాట నా నోటెందుకే," అని తలుపేసుకుంది.

పిట్టలు ఈరోజు పేలకముందే తలలెత్తాయి. ఇంకా లేవలేదు. రేపు లేస్తాయి. మడిలో మిగిలింది పడమటి మూల ఒక్కటే. బంగారి దుప్పటి కప్పుకుని అక్కడే పడుకుంటోంది.

దాలయ్య తాత దగ్గరికి వెళ్ళాను. గదికి తిరిగి రమ్మన్నాను. సూరీడమ్మ అప్పను నేను ఒప్పిస్తానన్నాను.

"నాను రాను," అన్నాడు. "ఆలీసంగా నొక్కమని ఆర్డరేస్తే నాను ఆలీసంగా నొక్కలేను. గంట మోగిన కాణ్ణుంచి ఎంత సేపైందా, ఎంత సేపైందా అని లెక్కెడతాను. టీ గొంతు దిగదు. అయినా నన్ను సాగనంపడానికి సేతులెత్తినోళ్ళ కోసం నానెందుకు నొక్కాలే?"

ఆ రోజు సభలో నా చెయ్యే అన్నిటికన్నా ముందు లేచింది.

నమోదు 22. విశాఖ కార్తె

గంట మోగింది. తీగ కలిపాను.

డబ్బా పేలలేదు.

నిన్న సాయంత్రం కార్డు తాళం తీసి, నేను చేర్చిన వరసనూ, ఇళ్ళలో అడిగి పెట్టిన సంఖ్యనూ చెరిపి, మొదటి సంఖ్యను మళ్ళీ గడియారానికే వదిలేశాను. మీట మళ్ళీ మీటయింది. తెర మీద గడియారం సున్నా నుంచి నడుస్తోంది. నేను దాని మీద పైగుడ్డ కప్పాను, కనబడితే లెక్కపెడతానని. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. చేతులు మీట వైపు వాటంతటవే పోతున్నాయి. వాటిని చంకల్లో ఇరికించుకుని కూర్చున్నాను.

కిటికీలోంచి చూస్తే పిట్టలు పడమటి మూల చుట్టూ గట్టు మీద వాలి ఉన్నాయి. గంట విన్నాయి. మొదటి పేలుడు కోసం చూస్తున్నాయి. అది రాలేదు. తలలు ఒక పక్కకు వంచాయి. ఒకటి లేచి మళ్ళీ కూర్చుంది. నేను పుట్టాక లెక్కపిట్టకు లెక్క తప్పడం చూడటం ఇదే మొదటిసారి.

మడుల్లో పని ఆగింది. మొదటి పేలుడు వినబడకపోయేసరికి అందరూ తలలెత్తి గది వైపు చూశారు. బంగారి నెత్తిన కుండతో గట్టు మీద ఆగిపోయింది. దాని కాళ్ళకు ఎటు వెయ్యాలో తెలియలేదు. దారి మలుపులో సూరీడమ్మ అప్ప నిలబడి ఉంది. రావడమూ లేదు, పోవడమూ లేదు. ఆమె ముఖం ఇంత దూరం నుంచి కనబడదు. దగ్గరికొచ్చినా అందులో ఏముందో నాకు తెలిసేది కాదేమో.

ఇంతమందిని నిలబెట్టాను. ఎదుటివాణ్ణి నిలబెట్టగలిగినవాడే దొర. ఆ వాక్యం ఇప్పటికీ నిజమేనని నా నమ్మకం. నమ్ముతూనే కూర్చున్నాను. 

గడప మీద నీడ పడింది. దాలయ్య తాత, చేతిలో తన గ్లాసు.

"టీ పెట్టినావేటి?"

"నువ్వు రానన్నావు కదా."

"నొక్కడానికి రానన్నాను. తాగడానికి రానన్నానేటి?" గ్లాసు చాపాడు. పోశాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "ఇయి గడ్డి నీళ్ళే. ఇంకా మరగనీ."

మరగనిచ్చాను. ఏం మాట్లాడాలో తెలియక, ఆయన పక్కింటి ఆవు ఈనిందా అని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. దూడ అడ్డం తిరిగిందట, ఎవరు చెయ్యి పెట్టి లాగారు, ఎవరు కళ్ళు తిరిగి పడ్డారు. వింటున్నాను. నిజంగానే వింటున్నాను. మధ్యలో ఎక్కడో నా చెయ్యి చంకలోంచి వచ్చి మీట నొక్కింది.

డబ్బా పేలింది. పిట్టలు లేచాయి. పేలాక లేచాయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, అరుస్తూ, కొండ అంచు దాటి పోయాయి. బంగారి నెత్తి మీది కుండ జారి పగిలింది. అది అక్కణ్ణించే నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయదగింది కాదు.

రెండో పేలుడు ఎప్పుడో నాకు తెలియదు. మూడోది అంతకన్నా తెలియదు. దారి మలుపులోంచి సూరీడమ్మ అప్ప గది వైపు నడిచి వస్తోంది. నేను లేచి గడప దగ్గర నిలబడతాను. దాలయ్య తాత ఇంకో గ్లాసు కడుగుతున్నాడు. అది ఎవరికో నేను అడగలేదు.

గంటకూ పేలుడుకూ మధ్య ఎంత సేపు పట్టిందో ఈ దినచర్యలో రాయాలని నియమం ఉంది. ఆ నియమం నేను పెట్టిందే. పిట్టలకు చదువు రాదు. అయినా రాయను.